ఎంగిలి మందు

1958 జూలై 9

మందుల కంపెనీ ఏజెంటు కొత్త సంవత్సరానికి ఇచ్చిపోయిన డైరీ ఇది. ఇన్నాళ్లూ జయశీల దీన్ని ధనియాల డబ్బా మీద మూతగా వాడుకుంది. ఈరోజు దులిపి తెచ్చుకున్నాను. పెళ్లానికి కూడా చెప్పుకోలేనిది ఎక్కడో ఒకచోట దించుకోవాలి గదా.

మధ్యాహ్నం అన్నం కలిపి మొదటి ముద్ద ఎత్తేసరికి వెంకయ్య సీసా గుర్తొచ్చింది. కడుపుబ్బరమని పొద్దున ఆస్పత్రికి వచ్చాడు. డాక్టరు గారు చీటీ రాశారు, నేను తెల్ల మిక్చరు పోసి పంపాను. మందుల గదిలో తెల్లవి రెండు జాడీలున్నాయి. ఒకటి తాగే మిక్చరు. ఇంకోటి కీళ్లనొప్పులకు పైన రుద్దుకునే లినిమెంటు. అది కడుపులోకి పోతే మనిషి దక్కడం కష్టం. నేను పోసింది దేన్లోంచి?

తాగేదాన్లోంచే. ఆ సంగతి నాకు తెలుసు. లినిమెంటు మూత తీస్తే ఆ టర్పెంటైను ఘాటుకు పక్క గదిలో డాక్టరు గారు తుమ్ముతారు. పొద్దున ఎవరూ తుమ్మలేదు. పైగా పెళ్లికి ముందునుంచీ ఈ జిల్లా బోర్డు ఆస్పత్రిలో కాంపౌండరుగా చేస్తున్నాను, కళ్లకు గంతలు కట్టినా జాడీలు గుర్తుపడతాను. అయినా ఎత్తిన ముద్ద కంచంలోనే పెట్టేశాను. జాడీ మీద చేయి వేయడం గుర్తుంది. ఏ జాడీ అన్నది మాత్రం ఎంత తవ్వుకున్నా రావడం లేదు.

చేయి కడుక్కుని ఆస్పత్రికి పరుగెత్తాను. జాడీలు ఎక్కడివక్కడే ఉన్నాయి. వాటిని చూసి ఏం లాభం, నేను చూడాల్సింది వెంకయ్య సీసాను. ఎండన పడి ఆయన పొలానికే పోయాను.

"ఏంది కాంపౌండరు గారూ, ఇంత ఎండలో వచ్చినారు?"

"నీ కడుపు ఎట్టుండాదో కనుక్కుందామని."

ఆయన పొంగిపోయాడు. మజ్జిగ తెప్పించాడు. మందు పొద్దున్నే తాగేశాడట. నా ఎదుటే బ్రేవుమని తేన్చాడు. ఆ తేన్పు వినగానే కలిగిన ఆనందం మా కరుణ పుట్టినప్పుడు కూడా కలగలేదేమో. కన్నకూతురి గురించి ఇలా రాసుకోవడానికి సిగ్గుగా ఉంది.

జూలై 10

వెంకయ్య పొలం గట్టు మీద కనిపించాడు. బాగున్నాడు.

కనిపించాడంటే, నేనే అటు పోయాను.

జూలై 17

మా ఆస్పత్రిలో సీసాలు ఇవ్వం. ఎవరి సీసా వాళ్లు తెచ్చుకోవాలి. నూనె సీసా, సోడా సీసా, సారా సీసా, ఏది దొరికితే అది. ఇన్నేళ్లూ వాటిని ఒకసారి నీళ్లతో తొలిచి మందు పోసేవాణ్ణి. ఈరోజు దగ్గుమందు కోసం ముత్యాలయ్య తెచ్చిన సీసాను ఎంతసేపు కడిగానో నాకే తెలియదు. డాక్టరు రంగనాయకులు గారు పక్క గదిలోంచి, "ఏం పద్మనాభయ్యా, దానికి తలంటు పోస్తుండావా?" అన్నారు. ఆయనకు హాస్యం ఎక్కువ. నేనూ నవ్వాను.

సాయంత్రం ఇంటికి వస్తుంటే సరుగుడు తోట దగ్గర కాళ్లు ఆగిపోయాయి. ఆ సీసా అడుగున నల్లగా ఏదో ఉన్నట్టు అనిపించింది. గాజు రంగే అయివుంటుంది. కానీ అంతకుముందు అందులో పురుగులమందు ఉండి ఉంటే? ముత్యాలయ్య సముద్రం మీద బతికే మనిషి, అతని ఇంట్లో పురుగులమందు ఎందుకుంటుంది? ఎవరైనా రైతును అడిగి తెచ్చుకున్న సీసా అయితే?

ఇసకలో పడి జాలర్ల పాళెం దాకా నడిచాను. ముత్యాలయ్య గుడిసె ముందు కూర్చుని వల బాగుచేసుకుంటున్నాడు. మందు ఇంకా తాగలేదు, పడుకోబోయే ముందు తాగుతానన్నాడు.

"ఒక మోతాదు తక్కువ పోసినట్టుండా. ఇటియ్యి, చూస్తా" అన్నాను. అబద్ధం ఎంత సులువుగా వచ్చిందో.

అరచేతిలో ఒక చుక్క వంపుకుని నాలికతో చూశాను. అతిమధురం తీపి, దాని వెనక కాస్త ఘాటు. దగ్గుమందే. ఇంకేమీ లేదు. ఒళ్లంతా తేలికైపోయింది. అప్పటిదాకా సముద్రం మీంచి గాలి వీస్తున్న సంగతే నాకు తెలియలేదు.

"సరిగానే ఉండాదిలే" అని ఇచ్చేశాను. ముత్యాలయ్య నన్ను అదోలా చూశాడు. చూడనీ.

జూలై 18

ఈరోజు ఎవరింటికీ పోలేదు.

జూలై 19

నిన్న ఎవరింటికీ పోలేదని రాశాను. మందు తీసుకుపోయిన ఆదిశేషమ్మ ఇంటికి పోయాను. అయితే అది దారిలోనే ఉంది.

దారిలో లేదు.

జూలై 28

ఉపాయం దొరికింది! ఇంత చిన్న సంగతి ఇన్నాళ్లూ నా మట్టిబుర్రకు ఎందుకు తట్టలేదో.

సీసాను మందుల గది కిటికీలోంచి ఇచ్చేముందే రుచి చూస్తే సరి. సీసాలోంచి ఒక చుక్క అరచేతిలోకి వంపుకోవడం, నాలికకు తగిలించుకోవడం, చేయి కడుక్కోవడం. తప్పు జరిగితే ముందు నాకే తెలుస్తుంది. ఎవరి వెంటా పరుగెత్తే పని లేదు. సీసా కిటికీ దాటిందంటే దాని గొడవ నాకు వద్దు.

ఈరోజు అందరి మందులూ అలాగే ఇచ్చాను. సాయంత్రం తిన్నగా ఇంటికి వచ్చి కరుణను భుజాన ఎక్కించుకుని పెరడంతా తిప్పాను. జయ చాట కింద పెట్టి, "ఈ పొద్దు మీకేమయింది?" అంది. "ఏం కాలేదు. ఉండేది కాస్తా పోయింది" అన్నాను. ఏం పోయిందో అడగలేదు. అడిగినా చెప్పేవాణ్ణి కాదు.

ఆగస్టు 2

బాగుంది. అంతా బాగానే ఉంది.

ఆగస్టు 6

వెంకటశేషమ్మ గారు గూడుబండి కట్టించుకుని వచ్చారు. పై ఊళ్లలో పొలాలున్న మనిషి, నోరు కూడా ఆస్తికి తగ్గట్టే ఉంటుంది. కిటికీలోంచి నన్నే చూస్తూ నిలబడ్డారు. నేను అరచేయి నాలికకు తగిలించుకోగానే కేక పెట్టారు.

"అదేందయ్యా! నువ్వు నాకి ఇస్తే నేను తాగాల్నా? ఎంగిలి మందు ఇస్తావా నాకు?"

"సీసాకు నోరు తగల్లేదమ్మా. చేతిలో వంపుకుని చూసినా."

"చేతిలో వంపితే ఎంగిలి గాకుండా పోతుందా?"

డాక్టరు గారు లేచి వచ్చారు. "మీరు కూరలో ఉప్పు చూడరా అమ్మా? ఇదీ అంతే" అన్నారు.

"కూరలో ఉప్పు నా మొగుడికి చూస్తా. ఊరికంతా చూస్తానా?" అన్నారావిడ.

వరసలో ఉన్నవాళ్లంతా గొల్లుమన్నారు. ఆవిడ సీసానే కడిగి, రుచి చూడకుండా మళ్లీ నింపి ఇచ్చాను. ఇచ్చాను గానీ ఆ బండి మలుపు తిరిగేదాకా నా గుండె బండి చక్రాల కిందే ఉంది. ఆవిడ ఊరు నడిచి పోలేనంత దూరం. ఎవరైనా అటునుంచి వస్తారేమో, ఆవిడ బతికే ఉందని చెబుతారేమో అని సంతకు పోయి నిలబడ్డాను. ఆవిడ ఊరివాళ్లు ఎవరో కొడవలూరు బంధువుల పెళ్లి గురించి మాట్లాడుతుంటే వెనకే నడిచాను. చావు మాట రాలేదు. ఆవిడకు ఏమన్నా అయివుంటే ఆ మాటే ముందు వచ్చేది.

డాక్టరు గారు మాత్రం, "జాగ్రత్త మంచిదేలే" అని వదిలేశారు.

ఆగస్టు 21

పాళెం నుంచి మస్తానమ్మ వచ్చింది. మొగుడు పోయిన ఏడు పడవతో సహా తిరిగి రాలేదు. ఒక్కతే కూతురు, పేరమ్మ. ఆ బిడ్డకు చలిజ్వరమని అంతకుముందు ఎక్కడెక్కడో మందులు వాడిందట, తగ్గలేదు. మొన్న నేను క్వినైను మిక్చరు పోసి, అలవాటుగా రుచి చూసి ఇచ్చాను. జ్వరం దిగిపోయిందని చెప్పడానికే ఈరోజు ఇంత దూరం వచ్చింది. నాతో ఒక్కడితో చెబితే బాగుండేది. వరసంతా వినేట్టు చెప్పింది.

"సామి నోట బెట్టుకోని ఇచ్చిన మందు, ఎట్టా పని చెయ్యదు? కొత్త వల దించేముందు మంచి చెయ్యుండే మనిషి చేత మొదటి ముడి ఏపిస్తాం మేం. వలకి మంచి చెయ్యుండాల, మందుకి మంచి నోరుండాల."

"అట్టాంటిదేం లేదు మస్తానమ్మా, అది క్వినైను గుణం" అన్నాను.

"ముందు తాగింది గూడా అదే గదా సామీ! మరప్పుడెందుకు దిగలేదు?"

ముందు ఎక్కడ ఏం తాగించిందో నాకేం తెలుసు? ఆ మాట ఆమెతో చెప్పాలని కూడా గట్టిగా అనిపించలేదు.

సెప్టెంబరు 9

కిటికీ దగ్గర జనం. చిట్టమూరు దాటి కూడా వస్తున్నారు. సీసా ఇవ్వగానే తీసుకోరు. "రుచి చూసి ఇయ్యండి సామీ" అంటారు. చూశానంటే, "మేం చూడలా, మళ్లీ చూడండి" అంటారు. చూస్తాను. నాకు మాత్రం చేదా?

క్వినైను చేదే అనుకోండి.

వెంకటశేషమ్మ గారు తన జీతగాడి చేత సీసా పంపించారు. వాడు నా చెవి దగ్గరకు వచ్చి, "రుచి చూసి ఇయ్యమనింది అమ్మ. తను చెప్పినట్టు చెప్పొద్దనింది" అన్నాడు. ఎంత నవ్వానో. హస్తవాసి గలవాడని కూడా అంటున్నారట. డాక్టరు గారికి లేని పేరు నాకొచ్చింది.

ఇది జబ్బేమోనని మధ్యలో కొన్నాళ్లు భయపడ్డాను. ఊరంతా మంచిదంటుంటే నేనొక్కణ్ణే జబ్బు అనుకోవడం దేనికి?

సెప్టెంబరు 23

చెవుల్లో ఈలలు. పొద్దున్నుంచీ ఆగడం లేదు. క్వినైను ఎక్కువైతే ఇలా అవుతుందని నాకు తెలుసు. విరేచనాల మందు కూడా ఎక్కువగానే నాకినట్టున్నాను, దాని సంగతి రాయక్కర్లేదు.

అక్టోబరు 4

జయ వంకాయ పులుసు చేసింది. కడుపునిండా తిన్నాను. బాగుందన్నాను కూడా. ఆమె గరిటె కింద పెట్టి నా ఎదురుగా కూర్చుంది.

"ఉప్పెయ్యలేదు. కావాలనే ఎయ్యలేదు."

నేను వేలితో పులుసు మళ్లీ నాకి చూశాను.

"మొన్న చారులోనూ ఎయ్యలేదు. మీ నాలిక చచ్చిపోయింది. ఇంక దేన్ని రుచి చూస్తుండారు మీరు, ఆ ఆస్పత్రిలో?"

కోపంతో కంచం నెట్టి లేచి బయటికి వచ్చేశాను. ఎండలో ఎటు పోతున్నానో తెలియకుండా నడిచాను. నామీద నాకు రాని కోపం ఆమె మీద ఎందుకొచ్చిందో. ఆమె అన్నది నిజమని తెలియడం వల్లనే వచ్చింది.

అక్టోబరు 5

ఈరోజు ప్రతి సీసా చూసి, మళ్లీ చూసి, నీళ్లు పుక్కిలించి మళ్లీ చూశాను. తీపి తెలుస్తోంది. చేదు తెలుస్తోందా, లేక చేదుగా ఉండాలి కాబట్టి చేదు అనుకుంటున్నానా?

నాలికను నమ్మి జాడీలను నమ్మడం మానేశాను. ఇప్పుడు నాలిక కూడా పోయింది. ఇక దేన్ని పట్టుకోను?

అక్టోబరు 9

మళ్లీ ఇళ్లకు పోతున్నాను. ఇచ్చేముందు చూసి, ఇచ్చాక వెనక పోయి చూసి.

అక్టోబరు 13

పెరట్లో కరుణ కొబ్బరిచిప్పలో నీళ్లు పోసుకుని ఆస్పత్రి ఆట ఆడుతోంది. గుడ్డబొమ్మకు జ్వరమట. చిప్పలోంచి నీళ్లు అరచేతిలో వంపుకుంది, నాకింది, తల అడ్డంగా ఆడించింది. మళ్లీ వంపుకుంది, నాకింది. నీళ్లన్నీ అయిపోయాయి. బొమ్మకు ఏమీ మిగల్లేదు.

"బొమ్మకు పొయ్యవామ్మా?" అన్నాను.

"ఉండు నాయనా, ఇంకా మంచిదో కాదో తెలీలా" అంది.

జయ బావి దగ్గర నిలబడి అంతా చూస్తోంది. కొంగు నోట్లో కుక్కుకుని లోపలికి పోయింది. నాకు ఏడుపు వచ్చింది. ఏడ్చాను.

అక్టోబరు 18

మందుల నిలవ తరిగిపోతోందని డాక్టరు గారు పసిగట్టారు. దొంగతనం అనుకుంటారేమోనని నేనే ముందు చెప్పేశాను. జాడీల దగ్గర మొదలుపెట్టి కొబ్బరిచిప్ప దాకా చెప్పాను. మధ్యలో ఆయన ఒక్కసారీ హాస్యమాడలేదు. దాంతో నాకు ఇంకా భయమేసింది.

"మద్రాసులో నాతో చదువుకున్నవాడు ఒకడుండేవాడు. గది తాళం వేసినాడో లేదో అని సగం దారి నుంచి వెనక్కి వచ్చేవాడు. వచ్చి లాగి చూసేవాడు, పోయేవాడు, మళ్లీ వచ్చేవాడు. దాన్ని అబ్సెషన్ అంటారు. నీది గూడా అదేనేమో అని నా అనుమానం. గట్టిగా చెప్పలేను పద్మనాభయ్యా, నేను జ్వరాలూ గడ్డలూ చూసుకునేవాణ్ణి."

"దానికి మందేంది సార్?"

"నాకు తెలిసిన మందు లేదు. చూసేకొద్దీ పెరుగుతుంది. చూడకుండా ఉండాల, ఆ బాధ పడాల. అంతే."

"ఆయన తగ్గించుకున్నాడా సార్, మీ స్నేహితుడు?"

డాక్టరు గారు కిటికీ వైపు చూశారు. "పరీక్షకు రాలేకపోయినాడు. తలుపు దగ్గరే ఉండిపోయినాడు" అన్నారు.

రేపటి నుంచి ఒక్క చుక్క నోట పెట్టకూడదని ఆజ్ఞ. పెడితే బోర్డుకు రాయక తప్పదన్నారు. రాస్తే ఉద్యోగం పోతుంది, ఉండే ఇల్లు ఆస్పత్రిది. జయకు చెప్పాను. ఆమె నా చేతులు రెండూ పట్టుకుని, "నేనుండాను గదా" అంది. ఈ మనిషి మీదనా కంచం నెట్టేశాను.

అక్టోబరు 19

చూడలేదు. ఒక్కటీ చూడలేదు.

అక్టోబరు 20

చూడలేదు. సాయంత్రం జయ నన్ను వాకిట్లో కూర్చోబెట్టి గుమ్మంలో తనూ కూర్చుంది, నేను లేవకుండా. లేచాను. కూర్చోబెట్టింది. లేచాను.

అక్టోబరు 24

బుచ్చిరెడ్డిపాలెం నుంచి మా బావ పెళ్లాన్ని తీసుకుని వచ్చాడు. వాళ్లు వడ్ల ధర గురించీ కాలవ నీళ్ల గురించీ చెబుతున్నారు. నేను తల ఊపుతున్నాను. లోపల మాత్రం పొద్దున ఇచ్చిన సీసాలన్నీ వరసగా నడిచిపోతున్నాయి. ఒక్కొక్కటి నా ముందు ఆగి, నేను మంచిదాన్నేనా అని అడుగుతోంది.

"ఏమప్పా, ఒంట్లో బాగలేదా?" అన్నాడు బావ. "చెవుల్లో ఈలలు" అన్నాను. ఈలలు ఆగి చాలా రోజులైంది.

నవంబరు 6

వానలు. కిటికీ దగ్గర జనం పలచబడ్డారు. ఈ కాలంలో జ్వరాలు ఎక్కువ ఉండాలి. ఈ ఏడు జనం ఆరోగ్యంగా ఉన్నట్టున్నారు. మంచిదే.

నేను కూడా ఒక రకంగా మెరుగే. సాయంత్రాలు కష్టం. అన్నం తింటున్నాను. ఉప్పు తెలుస్తోంది.

నవంబరు 12

జనం లేరు. వచ్చినవాళ్లు రుచి చూడమంటున్నారు. డాక్టరు గారు వద్దన్నారని చెబుతున్నాను. సీసా తీసుకుని మాట్లాడకుండా పోతున్నారు. మళ్లీ రావడం లేదు. ఒక్క సీసాతోనే తగ్గిపోతోంది కాబోలు.

నవంబరు 20

పొద్దున్నుంచీ వాయుగుండం గాలి. ఆస్పత్రి ప్యూను చెంచురామయ్య తడిసి ముద్దయి వచ్చాడు. గొడుగు మూలన పెట్టి కాసేపు నసిగాడు.

"ఒక మాట చెప్తా, కోప్పడబాకండి. మందులు ఎవరూ తాగడంలేదయ్యా."

"అంటే?"

"సీసాలు ఇళ్లల్లో అట్టనే ఉండాయి. మీరు నోట బెట్టలేదని. సామి చూడని మందు మంచిది గాదంట, అందుకే ఆయన తాక్కుండా ఇస్తుండాడంట. పాళెంలో మస్తానమ్మ బిడ్డకి మళ్లీ చలిజ్వరం. ఒళ్లు తెలీకుండా పడుండాది. మొన్న మన దగ్గర తీసుకపోయిన సీసా దూలానికి కట్టేసిందంట, మీరొస్తే తాగిస్తానని."

ఇన్ని నెలలుగా నా వల్ల ఎవరన్నా చస్తారేమోనని చచ్చిపోతూ వచ్చాను. తప్పు మందు పోసి కాదు, మంచి మందే పోసి, దాన్ని తాగకుండా చేసి చంపబోతున్నాను. జనం ఆరోగ్యంగా ఉన్నారని నా చేత్తో నేనే రాసుకున్నాను.

డాక్టరు గారు నెల్లూరు పోయి ఉన్నారు. కాలవ పొంగి బస్సులు లేవు. గొడుగు లాక్కుని బయలుదేరాను. సరుగుడు తోటలో గొడుగు తిరగబడింది, వదిలేశాను.

గుడిసెలో పేరమ్మ గోనెపట్టా మీద పడి ఉంది. పళ్లు కొట్టుకుంటున్నాయి. పిలిస్తే కళ్లు తెరిచింది గానీ నన్ను చూడలేదు. మస్తానమ్మ నన్ను చూడగానే దేవుడు వచ్చినట్టు లేచింది.

"వచ్చినావా సామీ! నువ్వొస్తావని సీసా అట్టనే పెట్టినా." దూలానికి కట్టిన తాడు విప్పి, సీసా తుడిచి, రెండు చేతులా నా ముందు పట్టింది. "చూసి ఇయ్యి సామీ. ఇంకేం వద్దు."

నా నాలిక తడి అయింది. ఒట్టేసి రాస్తున్నాను, ఆకలిగొన్నవాడికి అన్నం చూస్తే అయినట్టే అయింది. ఒక్క చుక్క. బిడ్డ ఇప్పుడే మందు తాగుతుంది. ఆ సీసాలో ఉన్నది క్వినైనో కాదో నాకూ తేలిపోతుంది, ఇంటికి పోయి హాయిగా కూర్చోవచ్చు. ఈ గాలివానలో ఎవరు చూస్తారు, బోర్డుకు ఎవరు చెబుతారు? సీసా అందుకున్నాను. బిరడా తీశాను. అరచేయి పట్టాను కూడా.

రేపు ఇంకో బిడ్డకు జ్వరం వస్తుంది. ఆ బిడ్డ కూడా నా నాలిక వచ్చేదాకా పడి ఉండాలి. నేను మంచాన పడితే? నాకు బదిలీ అయితే? ఈ పాళెం పిల్లలందరి ప్రాణమూ తీసుకొచ్చి నా నోట్లో పెట్టుకున్నాను. ఎవరూ పెట్టమనలేదు.

"మస్తానమ్మా, నువ్వు చూడు" అన్నాను.

ఆమె వెనక్కి జరిగింది. "నేనా! అయ్యో, నా నోరేం నోరు సామీ. మొగుణ్ణి సముద్రానికిచ్చిన ముండని. నేను నోట బెట్టిన మందు నా బిడ్డకా? వద్దు. నువ్వు చూడు. నీకు దణ్ణం పెడతా."

"పేరమ్మకి చిన్నప్పుడు చేప ముల్లు తీసి, నమిలి పెట్టింది ఎవరు?"

"నేనే. ఇంకెవురుండారు?"

"ఈ బిడ్డ పెరిగింది నీ ఎంగిలి తినే. దాన్నేం చేసింది నీ నోరు? నా నోరు నిన్నా మొన్నా వచ్చింది. నీ నోరు పుట్టినప్పట్నించీ ఉండాది. చూడు."

ఆమె బిడ్డను చూసింది, నన్ను చూసింది. చేయి చాపింది. నేను ఆమె అరచేతిలో ఒక చుక్క వంచి, సీసా ఆమెకే ఇచ్చేసి, గబుక్కున గుమ్మం వైపు తిరిగి నిలబడ్డాను. సముద్రం బురదరంగులో లేచి పడుతోంది. వెనక బిడ్డ దగ్గడం వినిపించింది. "మింగమ్మా, మింగు, నేను చూసినాలే" అని మస్తానమ్మ అంటోంది. గుటక వినిపించింది.

ఒక్క మాట అడిగితే చాలు. చేదుగా ఉందా అని. ఉందంటే క్వినైనే, నా పని అయిపోయినట్టే. ఆ మాట నోటిదాకా వచ్చి కూర్చుంది. దాన్ని నోట్లోనే పెట్టుకుని, ఇక ముందు మోతాదులు తనే ఎలా ఇవ్వాలో మస్తానమ్మకు చెప్పి, వానలో ఇంటికి నడిచాను. జయ నా తల తుడుస్తూ, "చూసినారా?" అంది. లేదన్నాను. మళ్లీ పాళెం వైపు పోవాలని ఉంది. ఇప్పుడే పోవాలని ఉంది.

నవంబరు 21

పోలేదు. ఈసారి ఇది నిజం.

నవంబరు 22

పోలేదు. చెంచురామయ్యను కూడా పంపలేదు. పంపడం కూడా పోవడమే.

నవంబరు 25

గాలి తగ్గింది. పొద్దున కిటికీ తెరిచేసరికి వరస మొదట్లో మస్తానమ్మ నిలబడి ఉంది, చంకన పేరమ్మ. బిడ్డ చిక్కి సగమైంది. చేతిలో బెల్లం ముక్క చప్పరిస్తోంది. నాకు కళ్లు సరిగ్గా కనిపించలేదు. ఖాళీ సీసా అందుకుని, తొలిచి, మళ్లీ మందు పోసి, మూత పెట్టి కిటికీలోంచి ఇచ్చాను.

వెనకున్న ఆడమనిషి, "సామి రుచి చూడలేదే" అంది.

"నేను చూసుకుంటాలే. నీ బిడ్డకి నువ్వు చూసుకో" అంది మస్తానమ్మ. తర్వాత నావైపు తిరిగి, "అయినా సామీ, ఆ పొద్దు నువ్వు నా చేతిలో పోసిన మందుండాదే, అబ్బా..." అంటూ మొహం ఏదోలా పెట్టి దాని రుచి చెప్పబోయింది.

నేను గట్టిగా కళ్లు మూసుకున్నాను.

"చెప్పొద్దు మస్తానమ్మా" అన్నాను.